గ్రీన్ హైడ్రోజన్ కోర్సుకి లక్ష కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి బి.టెక్ కెమికల్ మూడో సంవత్సరం. పర్యావరణ టెక్నాలజీ కంపెనీల్లోనే పని చేస్తానంటోంది. గ్రీన్ హైడ్రోజన్ మీద ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సుకి లక్ష రూపాయలట. అది చేయించి జర్మనీలో ఎం.ఎస్.కి పంపాలా, గేట్ రాయించి ఎం.టెక్ చేయించాలా, లేక అందరిలా సాఫ్ట్‌వేర్‌కి మళ్లించాలా? ఈ రంగానికి స్కోప్ ఉందా? ఫ్యాక్టరీలో ఆడపిల్ల ఉద్యోగం అంటే భయంగా కూడా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగినవి మూడు దారులు, మీ భయం మాత్రం ఒక్కటే: ఇంత డబ్బు పెట్టాక పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనని. కెమికల్ ఇంజనీరింగ్ శ్రద్ధగా చదివిన పిల్ల ఎటూ కాకుండా పోదండీ. ‘గ్రీన్’ అనే బోర్డు తగిలించుకున్న ప్రతి కోర్సు వెంటా పరిగెడితేనే ఏళ్లు వృథా అవుతాయి.

పర్యావరణం మీద ప్రేమతో యంత్రాలు కొనే ఫ్యాక్టరీలు అరుదు. రూలు మెడ మీద ఉంటే కొంటాయి, ఖర్చు తగ్గుతుందంటే కొంటాయి. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ వైపు మందుల ఫ్యాక్టరీల్లో వ్యర్థజలం చుక్క బయటికి పోని జెడ్‌ఎల్‌డీ ప్లాంట్లు వచ్చింది ఎక్కువగా కోర్టు కేసులు, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) షరతుల వల్లే. ఉప్పు ఎక్కువున్న నీటిని విడిగా పట్టి, స్ట్రిప్పర్ అనే టవర్‌లో సాల్వెంట్ (మందుల తయారీలో వాడే కరిగించే ద్రవం) తీసేసి, ఎంఈఈ అనే పలు దశల ఆవిరి యంత్రంలో మరిగించి, మిగిలిన చిక్కటి ద్రావణాన్ని ఏటీఎఫ్‌డీ అనే డ్రయ్యర్‌లో ఎండబెడతారు. టన్ను నీటిని ఒకే దశలో ఆవిరి చేయాలంటే టన్నుకు పైనే స్టీమ్ కావాలి. మూడు దశల్లో చేస్తే అందులో సగం కూడా అక్కర్లేదు. ఎంఈఈలు అమ్మే కంపెనీల బేరమంతా ఈ లెక్క మీదే.

ప్లాంటు నడపడం మొదలయ్యాక ఆ లెక్క తప్పుతుంది. స్ట్రిప్పర్ సరిగా పనిచేయకపోతే సాల్వెంట్ ఎంఈఈలోకి వచ్చి నురగ కడుతుంది, కండెన్సేట్‌లో (ఆవిరి చల్లారి వచ్చిన నీటిలో) సీఓడీ, అంటే కాలుష్యం కొలత, పెరుగుతుంది, ఆ నీళ్లు పడ్డ బయలాజికల్ ట్యాంకులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కాల్షియం, సిలికా గొట్టాల్లో పేరుకుంటే స్టీమ్ ఖర్చు ఎగబాకుతుంది. పైగా ప్లాంటు కట్టిన కంపెనీకి రావాల్సిన ఆఖరి బిల్లు పనితీరు పరీక్ష నెగ్గేదాకా రాదు. అందుకే తప్పు ఎక్కడుందో ప్లాంటు అంకెలు రాసే లాగ్‌షీట్ చూసి పట్టుకోగల మనిషి కావాలి. ఆ మనిషిని ప్రాసెస్ ఇంజనీర్ అనో, కొత్త ప్లాంటుని నడిపించి అప్పగించే కమిషనింగ్ ఇంజనీర్ అనో పిలుస్తారు. మీ అమ్మాయి జాబ్ సైట్లలో ‘సస్టైనబిలిటీ’ అని వెతుకుతుంటే ఈ ఉద్యోగాలు కంటపడవు.

కొత్త టెక్నాలజీ తయారుచేసే వైపే వెళ్తానంటే ముందు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లోని బయోగ్యాస్ ప్లాంటు గురించి తెలుసుకోమనండి. రోజుకి పది టన్నుల కుళ్లిన కూరగాయలతో సుమారు 500 యూనిట్ల కరెంటు. టెక్నాలజీ హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐసీటీది, దాన్ని ప్లాంటుగా కట్టింది హైదరాబాద్ ఇంజనీరింగ్ కంపెనీ, డబ్బు కేంద్ర బయోటెక్నాలజీ శాఖది, రాష్ట్ర మార్కెటింగ్ శాఖది. ల్యాబ్‌కీ మార్కెట్‌కీ మధ్య ఉండే దూరమే ఇలాంటి కంపెనీలకి బతుకుతెరువు. ల్యాబ్‌లో రియాక్టర్‌కి ఏరి, తరిగిన ముక్కలు వేస్తారు. మార్కెట్ చెత్తలో పురికొస, ప్లాస్టిక్ సంచులు, రాళ్లు ఉంటాయి. పురికొస ష్రెడ్డర్‌కి చుట్టుకుందంటే ఆ పూట ఫీడ్ ఆగినట్టే. కూరగాయలు తొందరగా పులుస్తాయి కూడా. పీహెచ్ 6.5 కిందికి జారితే మీథేన్ చేసే సూక్ష్మజీవులు పని మానేస్తాయి. అప్పుడు ఫీడ్ తగ్గించి, సున్నమో సోడియం బైకార్బొనేటో కలిపి, రోజుల తరబడి ఓపిక పట్టాలి.

ఇక గ్రీన్ హైడ్రోజన్, అంటే ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్. నాకు అనుమానం ఉన్నది ఆ పరిశ్రమ కన్నా దాని పేరుతో నడిచే కోర్సుల మీదే. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి ఆమోదం తెలిపింది, 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో హబ్‌కి శంకుస్థాపన జరిగింది. అవన్నీ నిజమే. కానీ కిలో హైడ్రోజన్‌కి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. యూనిట్ నాలుగు రూపాయలనుకున్నా కరెంటుకే రెండొందలు దాటుతుంది. కొనాల్సిన రిఫైనరీలు, ఎరువుల ఫ్యాక్టరీలు సహజవాయువు నుంచి అంతకన్నా చవగ్గా తీసుకుంటున్నాయి. ఆ తేడా ఎవరో ఒకరు భరించినన్నాళ్లే ఊపు. ప్లాంట్లు కట్టినా అక్కడ కావాల్సింది కంప్రెసర్లు, హీట్ ఎక్స్చేంజర్లు, హాజాప్ (ప్రమాదాలను ముందే పసిగట్టే పద్ధతి) తెలిసినవాళ్లు. అవి బి.టెక్ సిలబస్‌లోనో, ప్లాంటులోనో నేర్చుకోవాల్సినవి. ఆ లక్ష కట్టకండి.

ప్రభుత్వ రూలు మీదే నడిచే వ్యాపారం ఎలా ఉంటుందో కూడా చూడండి. బొగ్గు కరెంటు ప్లాంట్లు గంధకం పొగ తగ్గించాలని 2015 డిసెంబరులో రెండేళ్ల గడువు పెట్టారు. గడువు జరుగుతూ జరుగుతూ వచ్చి, 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకి పొగలోంచి గంధకం తీసే ఎఫ్‌జీడీ యంత్రాలు అక్కర్లేదన్నారు. ఎఫ్‌జీడీ ఒక్కటే నమ్ముకున్నవాళ్ల గతి ఏమిటి? మాస్ ట్రాన్స్‌ఫర్, ప్రాసెస్ కంట్రోల్ లాంటి మూల సబ్జెక్టులు గట్టిగా వచ్చినవాళ్లు మాత్రం ఇంకో పరిశ్రమకి వెళ్లిపోతారు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఇంత ఉత్తరంలో ఫీజులు రాశారు, దేశాలు రాశారు. పిల్లకి ఏ సబ్జెక్టు బాగా వస్తుందో ఒక్క ముక్క లేదు. ‘అందరిలా’ అన్నది చదువు ఎంచుకోవడానికి కారణం కాదు, చుట్టాలకి చెప్పుకోవడానికి మీకు తేలికగా ఉంటుందంతే. ఫ్యాక్టరీ భయానికి మందు వద్దనడం కాదు, అడగడం: రాత్రి షిఫ్టుకి కంపెనీ బండి ఉందా, సైట్‌లో ఆడవాళ్లకి టాయిలెట్, గది ఉన్నాయా, ఇంకెంతమంది అమ్మాయిలు పనిచేస్తున్నారు? జవాబులు నచ్చకపోతే ఆ కంపెనీ వద్దనుకోండి, రంగాన్నే వద్దనకండి. డిజైన్, ప్రపోజల్, ల్యాబ్ పనులు ఆఫీసులోనే ఉంటాయి. అయితే సైట్ మొహం చూడని డిజైన్ ఇంజనీరు మాటకి విలువ తక్కువ.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. గేట్ అర్హతతో ఎం.టెక్ చేస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్, అప్పు దాదాపు ఉండదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు గానీ, మన డిగ్రీ అసలైనదేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు నెలనెలా కొంతే తీసుకోగల బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. ప్లాంటులో ఉద్యోగం రావాలంటే జర్మన్ భాష సాధారణంగా కనీసం బీ1 స్థాయి ఉండాలి, బీ2 అయితే నయం. నన్నడిగితే రెండేళ్లు ఇక్కడ కమిషనింగ్‌లో పనిచేసి అప్పుడు వెళ్లడం మేలు. ఏ స్పెషలైజేషన్ కావాలో అప్పటికి ఆమెకే తెలుస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది ఎండాకాలం ఇంటర్న్‌షిప్ వెతకడం. హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ ఫిబ్రవరిలోపే పంపాలి, హెచ్‌ఆర్‌కి ఒక కాపీ, పర్యావరణ, భద్రతా విభాగం (ఈహెచ్‌ఎస్) హెడ్‌కి ఒకటి. ఆ నెలన్నరలో ఆమె పట్టుకోవాల్సింది ఒక ఎంఈఈ లాగ్‌షీట్: రోజువారీ ఫీడ్, స్టీమ్, కండెన్సేట్ అంకెలు ఎక్సెల్‌లో వేసి మాస్ బ్యాలెన్స్ (లోపలికి వెళ్లిందీ బయటికి వచ్చిందీ సరిపోవడం) కుదురుతుందో లేదో చూడమనండి. మొదటిసారి కుదరదు. ఎందుకు కుదరలేదో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని అడిగి రాసుకోమనండి, ఇంటర్వ్యూలో అడిగేది అదే.