పదం కన్నా ముందు కంటికి పని చెప్పు

గుంటూరు

చిట్టీ,

సైకాలజీలో చలనం, మార్పు, ప్రత్యక్షం (పర్సెప్షన్) పాఠంలో పదాలన్నీ కలగాపులగం అయిపోతున్నాయనీ, పరీక్షంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. నిర్వచనాలు బట్టీ పట్టొద్దమ్మా. నేను పట్టాను. వైవాలో ‘ఫై ఫినామినన్’ గురించి గడగడా అప్పజెప్పాక, “దీన్ని నువ్వెక్కడైనా చూశావా?” అన్నారు ఎగ్జామినర్. నోట మాట రాలేదు. అంతకు ముందు దసరాకే బెజవాడలో లైట్ల తోరణాలు పరుగులు తీస్తుంటే కళ్లప్పగించి చూసొచ్చాను. అందులో ఒక్క బల్బూ కదలదు. ఒకటి ఆరి పక్కది వెలుగుతుంది, పరుగు మనకు కనిపిస్తుంది. సైకాలజిస్టు వెర్ట్‌హైమర్ 1912లో రాసింది ఇలాంటి చలనం గురించే.

అందుకే ముందు చూడు, తర్వాత పేరు రాసుకో.

వచ్చేటప్పుడు బెజవాడ స్టేషన్లో కిటికీ పక్కన కూర్చో. పక్క లైన్లో బండి కదిలితే మన బండే బయల్దేరినట్టు ఉంటుంది. ఇటువైపు ప్లాట్‌ఫాం స్తంభం చూశావా, ఆ కదలిక టక్కున ఆగిపోతుంది. అది ఇండ్యూస్డ్ మోషన్, అంటే పక్కది కదిలితే కదలనిది కదిలినట్టు అనిపించడం. మబ్బుల్లో చందమామ పరిగెత్తడమూ అదే.

దీన్నీ మోషన్ ఆఫ్టర్ ఎఫెక్ట్‌నీ కలిపేస్తారు చాలామంది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు సీతానగరం ఒడ్డున, నీటికి దూరంగానే నిలబడి, పారే నీళ్లలో ఒకేచోట చూపు నిలిపి నిమిషం చూడు. ఆ వెంటనే ఒడ్డున రాయి మీదికి చూపు తిప్పు. రాయి వెనక్కి, నీళ్లు వచ్చిన వైపుకే జారుతున్నట్టు కనిపిస్తుంది, కానీ ఉన్నచోటనే ఉంటుంది! ఒక దిక్కు చలనాన్ని పట్టే నాడీకణాలు అలసిపోతే, ఎదురుదిక్కువాటిది పైచేయి అవుతుంది. రాబర్ట్ ఆడమ్స్ 1834లో స్కాట్లాండ్‌లో ఒక జలపాతం దగ్గర ఇదే చూసి రాశాడు. రైలు దగ్గర కదిలేది కళ్ల ముందే ఉంటుంది. ఇక్కడ కదిలేదాన్ని వదిలేశాక మొదలవుతుంది. ఈ తేడా పట్టుకుంటే చాలు.

వెబర్ సూత్రానికి మన మిర్చి యార్డు ఉంది. చేతిలో కిలో మిరపకాయలుంటే ఇంకో గుప్పెడు పడగానే తెలుస్తుంది. టిక్కీ (మిర్చి బస్తా) మోసే ముఠా కూలీకి ఆ గుప్పెడు తెలియదు. ఎంత పెరిగిందన్నది కాదు, ఉన్నదాంట్లో ఎన్నో వంతు పెరిగిందన్నదే లెక్క.

మార్పు కంటపడకపోవడాన్ని ఛేంజ్ బ్లైండ్‌నెస్ అంటారు. 1998లో సైమన్స్, లెవిన్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో దారి అడుగుతున్న మనిషికీ చెప్పే మనిషికీ మధ్య తలుపు మోసుకుపోతూ, ఆ మాటున అడిగేవాణ్ణే మార్చేశారు. సగం మందికి తెలియనేలేదు. మెల్లగా జరిగే మార్పైతే అడ్డం కూడా అక్కర్లేదు. నాయనమ్మకి రోజూ నేనే అన్నం పెడుతున్నాను, నాకు ఏమీ తెలియలేదు. మూడు నెలలకు హాస్టల్ నుంచి వచ్చిన నువ్వు గడపలోనే “నాయనమ్మేంటత్తా, ఇంత చిక్కిపోయింది?” అన్నావు. ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయని అప్పుడు చూశాను. పుస్తకంలో ఆ పేజీ దగ్గర నువ్వు రాసుకోవలసింది ఇదే.

మందులు వాడుతోంది. నెలకోసారి బరువు చూసి వంటింటి క్యాలెండర్ మీద వేస్తున్నాను, నా కంటిని నమ్ముకోకుండా. ఈ నెల అంకె నువ్వొచ్చి వెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్త