తగ్గని జబ్బుకు ఫిజియోథెరపీ ఎందుకంటున్న తండ్రికి

ప్రశ్న: మాది హన్మకొండ. అమ్మాయి ఇంటర్ బైపీసీ అయింది, ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి నరాల జబ్బుల వైపు వెళ్తానంటోంది. మా చెల్లెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉంది, ఆమెను చూసే ఈ ఆలోచన. తగ్గని జబ్బుకు ఫిజియో చేసి ఏం లాభం? స్పోర్ట్స్ ఫిజియో నయం కాదా?

జవాబు: మీ అసలు దిగులు 'డాక్టర్ కాలేక మాలిష్ కోర్సులో చేరింది' అని చుట్టాలు అంటారేమోనని. ఆ మాట ముందు మీ నోట రాకుండా చూసుకోండి.

జబ్బు తగ్గదన్నది నిజమే. నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది, దాన్ని ఫిజియో తిరిగి అతికించదు. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా చూడటం మందుల పని. కానీ మీ చెల్లె తనంతట తాను బాత్రూమ్‌కు వెళ్లగలగడం ఎవరి పని?

కాలు ఈడుస్తుంటే కారణం బలం లేకపోవడమా, బిగుతా, అలసటా అన్నది ఫిజియో ముందు తేల్చాలి. పిక్క బిగిస్తే మెల్లగా సాగదీసి 30 నుంచి 60 సెకన్లు పట్టి ఉంచాలి, గుంజితే ఇంకా బిగుస్తుంది. పాదం వేలాడితే దాన్ని ఎత్తిపట్టే ఏఎఫ్ఓ పట్టీ కావాలి. ఓపికను బట్టి వారానికి రెండుసార్లు 30 నిమిషాల నడకో సైకిలో, మరో రెండుసార్లు 10–15 సార్లు చేసే బలం వ్యాయామాలు. ఒక్కసారి కుదరకపోతే 30 నిమిషాలను పది పది నిమిషాలుగా విడగొట్టవచ్చు. వంటింట్లో స్టూల్ వేసుకుని కూరగాయలు తరగడం, గోడకు పట్టుకునే రాడ్ బిగించడం కూడా చికిత్సే.

మన ఎండాకాలంలో ఇంకో చిక్కు ఉంది. ఒళ్లు కాస్త వేడెక్కినా దెబ్బతిన్న నరంలో సంకేతం మందగిస్తుంది. చూపు మసకబారి, కాళ్లు తేలిపోతాయి. జబ్బు ముదిరిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఒళ్లు చల్లబడితే మామూలవుతుంది. అందుకే వ్యాయామం తెల్లవారుజామున, ఫ్యాన్ కింద, తడి తువ్వాలు దగ్గర పెట్టుకుని చేయించాలి. కొత్త లక్షణం 24 గంటలు దాటినా పోకుంటే గట్టి వ్యాయామాలు ఆపి న్యూరాలజిస్టుకు చూపించాలి. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని ఆటగాడిని తోసినట్టు తోస్తే మర్నాడు ఆమె మంచం దిగలేదు.

స్పోర్ట్స్ ఫిజియో మీద నాకు నమ్మకం తక్కువ. రీల్స్‌లో కనిపించే ఆ టీమ్ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వరంగల్‌లో క్లినిక్‌కు వచ్చేది మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, పక్షవాతం. న్యూరో ఎంచుకున్నా ఎంఎస్ పేషెంట్లు కొద్దిమందే, క్లినిక్ నడిచేది పక్షవాతంతోనే. మొదట్లో జీతం కూడా తక్కువే. బీపీటీ తర్వాత రెండేళ్లు న్యూరోలో ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చేస్తే పని మీద పట్టు వస్తుంది. కంగారు పడకండి, పేషెంటును కూర్చోబెట్టి నిలబెట్టడం వచ్చిన మనిషికి పని దొరుకుతుంది.

కాలేజీకి కాళోజీ హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉందా, పిల్లలను న్యూరో వార్డుకు ఎన్ని వారాలు పంపుతారో అడగండి. కౌన్సెలింగ్‌కు ముందే, మీ చెల్లె ఫిజియోకు వెళ్లేటప్పుడు అమ్మాయిని తోడు పంపండి. ఓ వారం పక్కన కూర్చుని చూశాక కూడా ఇదే చదువుతానంటే, ఇక మీరు అడ్డుపడొద్దు.