అట్లాస్ చిమ్మట, మాంటా రే పోలిక పట్టిక ఎందుకు కుదరట్లేదంటే

అట్లాస్ చిమ్మటనీ (పెద్ద రెక్కల పురుగు), మాంటా రేనీ (సముద్రంలో ఉండే బల్లపరుపు చేప) పోలుస్తూ మీరు వేసిన పట్టిక ఎందుకు కుదరట్లేదని అడిగారు కదా, చిక్కు దాని మొదటి వరుసలోనే ఉందండి. రెండిటికీ 'రెక్కలు' అని ఒకే గడిలో పెట్టేశారు. చిమ్మట రెక్క పలచని కైటిన్ (పురుగుల పైపెంకులో ఉండే పదార్థం) పొర. అందులో ఈనెలుంటాయి, కండ ఉండదు; ఆడించే కండరాలు రొమ్ముభాగంలో ఉంటాయి. మాంటా రే ఆడించేది వెడల్పుగా పెరిగిన ఉరోవాజం (చేప రొమ్ము పక్కనుండే ఈత రెక్క), దాని నిండా మృదులాస్థి కడ్డీలు, కండరాలు. అక్కడ 'క్రియాసామ్య అవయవాలు' (పని ఒకటే, పుట్టుక వేరైన అవయవాలు) అని రాయండి, పుట్టుక వేరని తేలిపోతుంది.

కొలతల్లో పొడవు తీసేయండి. మాంటాకు తోక కలిపితే లెక్క మారిపోతుంది. రెండిటికీ అడ్డు వెడల్పే తీసుకుని ఒకే ప్రమాణంలో వేయండి: చిమ్మట సుమారు 25 సెం.మీ. దాకా, పెద్ద మాంటా 700 సెం.మీ. దాకా.

'ఆహారం' గడిని మాత్రం చిమ్మట వైపు రెండుగా చీల్చాలి. గొంగళిపురుగు ఆకులు తింటుంది. రెక్కల చిమ్మటకు నోటిభాగాలు పనిచేయవు, దాచుకున్న కొవ్వుతోనే ఒకటి రెండు వారాలు బతుకుతుంది. 'ఆకులు' అని ఒక్క మాటతో వదిలేస్తే తప్పే. మాంటా అన్ని వయసుల్లోనూ ప్లవకాలను (నీటిలో తేలే చిన్న జీవులను) వడకట్టి తింటుంది.

శ్వాస తేలికే: చిమ్మటకు వాయునాళాలు, మాంటాకు మొప్పలు. సంతానం దగ్గర చిమ్మట గుడ్లు పెడుతుందనీ, మాంటా సుమారు ఏడాది మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుందనీ రాయండి.

పెద్ద మాంటా శాస్త్రీయ నామం పాత పుస్తకాల్లో 'మాంటా బైరోస్ట్రిస్', కొత్తవాటిలో 'మోబులా బైరోస్ట్రిస్' కనిపిస్తే కంగారుపడకండి, రెండూ ఒకే జాతి. రెండు వరుసలు వేయొద్దు.