ఒకే ఎన్‌క్లోజర్‌లో ఏ జంతువును దేనితో కలపాలి?

మీ ప్రశ్న ఇది: మీ జూలో కొత్తగా కట్టే పెద్ద ఎన్‌క్లోజర్‌లో (కంచె వేసిన ఆవరణలో) జీబ్రాలు, కృష్ణజింకలు, నిప్పుకోళ్లు కలిపి పెడదామనుకుంటున్నారు, ముందు ముందు విల్డబీస్ట్‌లను (ఆఫ్రికాలోని ఒక పెద్ద జింక జాతి) కూడా చేర్చాలని ఉంది. పక్కనే ఒక పెద్ద సముద్రపు చేపల ట్యాంకు వస్తుంది. ఏది దేనితో సరిపడుతుందో చెప్పే జాబితా ఏమైనా ఉందా అని అడిగారు.

జాబితాలు ఉన్నాయండి. మొదట్లో నేనూ వాటినే నమ్ముకున్నాను. పదకొండేళ్లు గిట్టల జంతువుల విభాగంలో, తర్వాత ఆరేళ్లు అక్వేరియంలో పనిచేశాక ఇప్పుడు ఎవరడిగినా ముందు ఒకే మాట అడుగుతున్నాను. మీ ఎన్‌క్లోజర్‌లో ఒక జంతువు ఇంకోదాని కంటపడకుండా తప్పుకోవాలంటే ఎక్కడికి పోతుంది? దీనికి సమాధానం లేకపోతే, జాబితాలో "సరిపడతాయి" అని రాసి ఉన్న జత కూడా ఏదో ఒక రోజు కొంప ముంచుతుంది.

మా దగ్గర ఒక మగ జీబ్రా రెండేళ్లపాటు కృష్ణజింకల మందతో కలిసి మేసింది. ఒక్క గొడవ లేదు. ఒకరోజు తెల్లవారుజామున ఒక జింక ఈనింది. కృష్ణజింక పిల్ల పుట్టగానే తల్లి వెంట పరుగెత్తదు. మొదటి కొన్ని రోజులు గడ్డిలో ముడుచుకుని, కదలకుండా పడుకుంటుంది. తల్లి దూరంగా మేస్తూ పాలివ్వడానికి మాత్రం వచ్చి పోతుంది. అడవిలో పిల్లను కాపాడేది ఆ కదలకపోవడమే. నేను మేత బండి తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి జీబ్రా చెవులు వెనక్కి వాల్చి, మెడ కిందికి సాచి, గడ్డిలో దేన్నో వాసన చూస్తోంది. నేను కేక వేసేలోపే పిల్లను మెడ దగ్గర పళ్లతో పట్టుకుని ఎత్తి విదిలించింది. తల్లి గిరగిరా చుట్టూ తిరుగుతోంది, దగ్గరికి పోలేకపోతోంది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. పిల్ల దక్కలేదు.

మగ జీబ్రాలు అప్పుడే పుట్టిన పిల్లల్ని చంపుతాయని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. వేరే మగదానికి పుట్టిన జీబ్రా పిల్లనే చంపేస్తాయి, ఇక జింక పిల్ల ఎంత? మాకూ తెలుసు. రెండేళ్లు ఏమీ జరగలేదు కదా అని పట్టించుకోలేదు. ఆ పొద్దుటి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఆ తర్వాత ఎన్‌క్లోజర్‌లో ఒక పక్కన దుంగలు నిలువుగా పాతి, వాటి మధ్య జింక దూరేంత, జీబ్రా దూరలేనంత సందు వదిలాం. లోపల ఎత్తుగా గడ్డి, నీడ, ఒక మేత తొట్టి, ఒక నీటి తొట్టి. మొదటి వారం జింకలు అటు తొంగి కూడా చూడలేదు. మేత అక్కడే పోయడం మొదలుపెట్టాక అలవాటు పడ్డాయి. చూడి జింకల్ని మాత్రం ఈనే ముందే వేరే క్రాల్‌కి, అంటే విడిగా ఉంచే చిన్న దొడ్డికి, మార్చేసేవాళ్లం. దీనికోసం ఖాళీ క్రాల్ ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండాలి. ప్లాన్‌లో అందరూ ముందుగా కత్తిరించేది ఆ ఖాళీ క్రాల్‌నే. దయచేసి మీరు ఆ పని చేయొద్దు.

కంచె ఆకారం గురించి కూడా ఒక మాట. లంబకోణం మూలలు వద్దు. తరుముతున్నప్పుడు చిన్న జంతువు మూలకే పోతుంది, అక్కడ ఇరుక్కుంటుంది. మూలల్ని గుండ్రంగా తిప్పండి. మధ్యలో బండలో, చెట్లో ఉంటే వాటి చుట్టూ తిరిగి తప్పించుకునే వీలు ఉంటుంది. జంతువులు రాత్రి ఉండే నైట్ హౌస్‌కి రెండు తలుపులు ఉండాలి. ఒక్క తలుపే ఉంటే పెత్తనం చేసే జంతువు దాని ముందు నిలబడితే చాలు, మిగతావి రాత్రంతా బయటే.

కలిపే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, టూకీగా చెబుతాను. ముందు కొన్ని వారాలు జాలీకి అటూ ఇటూ ఉంచి ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. తర్వాత బెదురు ఎక్కువ ఉన్న జాతిని ఒంటరిగా లోపలికి వదలాలి. కంచె ఎక్కడుందో, దాక్కునే చోటు ఎక్కడుందో దానికి ముందే తెలియాలి. పెత్తనం చేసేది ఆఖరున రావాలి. మేత ఒకే చోట కుప్ప పోయకుండా దూరదూరంగా చాలా చోట్ల పెట్టాలి. మొదటి కొన్ని రోజులు కీపర్ అక్కడి నుంచి కదలకూడదు.

చాలామంది పట్టించుకోనిది మేత. కలిపి పెట్టాక ఎవరి తొట్టి వాళ్లదే అన్న మాట ఉండదు, అన్నీ అన్నిట్లో మూతి పెడతాయి. పశువుల, కోళ్ల దాణాల్లో కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. పశువులకు అది పనికొస్తుంది, గుర్రం జాతికి మాత్రం విషం. జీబ్రా గుర్రం జాతే. నిప్పుకోళ్లు కూడా దాన్ని తట్టుకోలేవు. కృష్ణజింకల కోసమని పశువుల దాణా తెప్పిస్తే, మీరు అనుకున్న మూడింటిలో రెండు జాతులు ప్రమాదంలో పడ్డట్టే. బస్తా మీద ఉన్న ప్రతి పదార్థం చదవండి, అర్థం కాకపోతే తయారుచేసేవాళ్లనే అడగండి.

విల్డబీస్ట్ విషయంలో నాకు ఎక్కువ టెన్షన్. అది తన ఒంట్లో ఒక రకం హెర్పిస్ వైరస్‌ను మోస్తుంది. దానికి ఏమీ కాదు, ఆరోగ్యంగా తిరుగుతుంది. అదే వైరస్ పశువులకు, బైసన్‌కు, కొన్ని దుప్పి జాతులకు సోకితే దాదాపు చావే. దాని దూడలు పుట్టిన మొదటి నెలల్లో ముక్కు, కళ్ల స్రావాల ద్వారా వైరస్‌ను ఎక్కువగా వదులుతాయి. మోసే జంతువు జబ్బుపడదు కాబట్టి క్వారంటైన్‌లో పెట్టి చూసినా బయటపడదు. ఇలాంటి జతలు ఇంకా ఉన్నాయి. స్క్విరల్ మంకీ అనే కోతిలో ఊరికే ఉండే వైరస్ మార్మోసెట్‌లనే చిన్న కోతులకు ప్రాణాంతకమైన కేన్సర్ తెస్తుంది. తాబేళ్ల పేగుల్లో ఉండే ఒక అమీబా పాముల్ని చంపుతుంది. కొట్లాటకు దుంగలు పాతొచ్చు, వీటికి మాత్రం వేరే ఎన్‌క్లోజర్ తప్ప దారి లేదు. పశువుల జాతివి, దుప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో మీ వెటర్నరీ డాక్టర్ ముందు మ్యాపు పరిచి చూపించండి. ఆయన ఒప్పుకునేదాకా విల్డబీస్ట్ ఊసెత్తకండి.

1907లో కార్ల్ హాగెన్‌బెక్ హాంబర్గ్‌లోని స్టెల్లింగెన్‌లో కట్టిన జూ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. అక్కడి ఆఫ్రికా దృశ్యంలో నీటి పక్షులు, వాటి వెనక గడ్డి మేసే జంతువులు, ఆ వెనక సింహాలు ఒకే మైదానంలో ఉన్నట్టు కనిపించేవి. మధ్యలో కంటికి కనపడని కందకాలు. సందర్శకులకు అన్నీ కలిసే కనపడాలన్న ఆశే మీకూ ఉంటే, ఒక కందకంతో ఆ పని అయిపోతుంది. విల్డబీస్ట్‌ను ఆ వైరస్ సోకే జాతుల పక్కన పెట్టేటప్పుడు మాత్రం కందకం సరిపోదు, గాలి దాటేంత దగ్గర కూడా ఉండకూడదు.

ట్యాంకు సంగతి. నీటి వేడి, ఉప్పదనం ఒకటే కావాలన్నది అందరికీ తెలుసు. నోట్లో పట్టే చేప ఏదైనా చివరికి మేతే అన్నదీ తెలుసు. నోటి సైజు మాత్రమే చూసుకుంటే మోసపోతాం. సియాటిల్ అక్వేరియంలో ఆక్టోపస్ ఉన్న ట్యాంకులో చిన్న సొరచేపలు చనిపోతుంటే కాపు కాసి చూశారు, ఆక్టోపసే వాటిని పట్టి చంపుతోంది. ఇక సీహార్స్‌ల లాంటి నెమ్మది ప్రాణులను చురుకైన చేపలతో కలిపితే ఎవరూ కరవకపోయినా మేత అందక ఆకలితోనే చస్తాయి.

నేను దెబ్బతిన్నది మాత్రం మందు దగ్గర. టాంగ్ చేపలు, టేకు చేపలు (స్టింగ్‌రేలు), రొయ్యలు ఒకే ట్యాంకులో ఉండేవి. ఏడాదిపాటు చూడముచ్చటగా నడిచింది. ఒక సాయంత్రం టాంగ్‌ల రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి, బండకు ఒళ్లు రాసుకుంటున్నాయి. తెల్లమచ్చల జబ్బు. దానికి నమ్మకమైన మందు నీటిలో కలిపే రాగి (కాపర్). లీటరు నీటికి 0.2 మిల్లీగ్రాముల లోపే చాలు, కానీ ఆ మోతాదుకే రొయ్యలు చస్తాయి, టేకు చేపలూ దాన్ని సరిగా తట్టుకోలేవు. అందరికీ సరిపడే నీళ్లున్నాయి, అందరికీ సరిపడే మందు లేదు. చివరికి నీళ్లు మోకాళ్ల దాకా దించి, రాత్రంతా వలలు పట్టుకుని టాంగ్‌లను ఒక్కొక్కటిగా పక్క ట్యాంకులోకి మార్చాం. అప్పటికే నీరసించిన నాలుగు చేపలు ఆ పట్టుకోవడంలోనే పోయాయి. అప్పటి నుంచి ట్యాంకుకి జాతులు రాసుకునేటప్పుడు ప్రతి పేరు పక్కన "జబ్బు చేస్తే దీన్ని ఎలా బయటికి తీస్తాం, ఎక్కడ పెడతాం" అని కూడా రాస్తున్నాను.

మీ మూడు జాతులకు నా సలహా: మగ జీబ్రా వద్దు, రెండు మూడు ఆడవాటితో మొదలుపెట్టండి. కృష్ణజింకల్లో ఒక్క మగదే ఉంచండి. మదమెక్కే కాలంలో కొమ్ములు ఎవరి మీదికి తిప్పుతుందో కనిపెట్టి ఉండాలి. నిప్పుకోళ్లను గుడ్లు పెట్టే కాలంలో విడిగా ఉంచండి, మగది ఆ రోజుల్లో ఎంత పెద్ద జంతువునైనా తన్నడానికి వెనకాడదు. ఎన్‌క్లోజర్ ప్లాన్ కొలతలతో సహా ఇక్కడ పెడితే, దుంగల చోటు, రెండో తలుపు ఎక్కడ పెడితే బాగుంటుందో చూసి చెబుతాను.