పాత ఫొటో, పాత కాగితం, పాత గోడ: పాఠకుల ప్రశ్నలు

తమ పేట చరిత్రను పోగుచేసుకుంటున్న పాఠకుల ఉత్తరాల్లోంచి ఈసారి హైదరాబాద్ సుల్తాన్ బజార్, కోఠి ప్రాంతాలవి తీసుకున్నాం.

ప్రశ్న: తాతగారి ఆల్బంలో సుల్తాన్ బజార్ దుకాణాల ఫొటోలున్నాయి. జిగురు పేజీలకు అంటుకుపోయాయి, పీకితే చిరుగుతున్నాయి. లామినేషన్ చేయించమంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: లామినేషన్ మాత్రం వద్దు. ఆ వేడికి ఫొటో పైపొర ప్లాస్టిక్‌కు అతుక్కుపోతే ఇక విడదీయలేరు. పీకడం కూడా ఆపేయండి. ముందు పేజీని ఉన్నదున్నట్టు మొత్తం స్కాన్ చేయండి. ఏ ఫొటో పక్కన ఏది అతికించారు, కింద ఏం రాశారు అన్నది కూడా చరిత్రే. తర్వాత మైనం పూయని డెంటల్ ఫ్లాస్ దారం తీసుకుని, ఫొటో మూల కిందికి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ మెల్లగా లాగండి. రాని ఫొటోను అలాగే వదిలేయండి. నీళ్లు తడపడం, వేడి చూపించడం రెండూ ప్రమాదమే.

స్కానర్‌లో పోస్టుకార్డు సైజు ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), పాస్‌పోర్టు సైజుకు 1200 డీపీఐ పెట్టండి. అసలు ప్రతి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా ఉండాలి, నలుగురికీ పంపడానికి చిన్న సైజు జేపెగ్ వేరే తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోనే దాచుకుంటే దుకాణం బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోతాయి. మన పనికి ముఖ్యంగా కావలసినవి ఆ అక్షరాలే. స్టూడియో ముద్ర ఉండేది వెనకవైపే కాబట్టి దాన్నీ స్కాన్ చేయండి. వివరాలు రాయాలంటే వెనక అంచున 2బి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. పెన్ను సిరా ముందువైపుకి దిగుతుంది. ఫైలు పేరులో గల్లీ, ఇంటి నంబరు, సుమారు ఏడాది ఉండాలి. ఎవరిదో, ఎక్కడిదో తెలియని ఫొటో ఎంత అందంగా ఉన్నా పేట చరిత్రకు అక్కరకు రాదు. మూడు ప్రతులు చేసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

ప్రశ్న: ఇంటి కాగితాల్లో 'రెసిడెన్సీ బజార్' అనీ, ఒక రసీదు మీద 'తీర్ 1339 ఫసలీ' అనీ ఉంది. ఇది మా వీధేనా? ఎప్పటిది?

జవాబు: మీ వీధే. నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధిని రెసిడెంటు అనేవారు, ఆయన నివాసం రెసిడెన్సీ. దాని చుట్టూ పెరిగిన ఈ బజార్లు ఆయన అధికారం కింద ఉండేవి. 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాక సుల్తాన్ బజార్ అయ్యాయి. అందుకే పాత దస్తావేజులు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. ఒక్క పేరుతోనే వెతికి 'ఏమీ దొరకలేదు' అనుకునేవాళ్లు చాలామంది.

ఫసలీ అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరు మొదట్లో ఆజర్ నెలతో మొదలయ్యేది. ఆజర్, దై, బహమన్ నెలలైతే ఫసలీకి 590 కలపండి, ఆ తర్వాతి నెలలకు 591. బహమన్ చివరి రోజులు జనవరిలో పడతాయి, అక్కడ మాత్రం తేదీ చూసుకుని లెక్కకట్టండి. తీర్ అంటే సుమారుగా మే నెల. కాబట్టి మీ రసీదు 1930 వేసవి నాటిది. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాల ఫసలీ జులై 1న మొదలవుతుంది. చుట్టాల ఊరి కాగితాలు కలిసిపోయి ఉంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: పెద్దవాళ్ల మాటలు రికార్డు చేస్తున్నాం. 'ఏ సంవత్సరం?' అంటే ఎవరూ చెప్పలేకపోతున్నారు.

జవాబు: ఏడాది అడగకండి. 'పోలీస్ యాక్షన్‌కి ముందా తర్వాతా?', '69 ఉద్యమం నాటికి ఈ కొట్టు ఉందా?', 'ఎమర్జెన్సీలో ఇక్కడెవరుండేవారు?' అని అడగండి. 1948, 1969, 1975 వాటంతటవే బయటికొస్తాయి. చేతికి తెల్లకాగితమిచ్చి, 'భాషా నిలయం నుంచి మీ ఇంటిదాకా ఏయే గుమ్మాలు దాటేవారు?' అని గీయించండి. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం అక్కడ అందరికీ తెలిసిన గుర్తు. గీస్తూ చెప్పేటప్పుడు పేర్లు వరసగా గుర్తొస్తాయి.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నోటికి ఒక జానెడు దూరంలో మెత్తని గుడ్డ మీద ఉంచండి. ఫ్యాను ఆపండి. గంటకు మించి కూర్చోబెట్టకండి. మొదట్లోనే పేరు, తేదీ, చోటు మీ గొంతుతో చెప్పండి. ఎక్కడ వాడుకోవచ్చో రాయించుకుని సంతకం తీసుకోండి.

ప్రశ్న: మా పాత మిద్దె గోడకు నాలుగేళ్ల కింద సిమెంటు పూయించాం. ఇప్పుడు తెల్లగా పొంగి రాలుతోంది. మళ్లీ సిమెంటేనా?

జవాబు: కాదు, సున్నపు పూత వేయించండి. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి తడి పీల్చుకుంటుంది, మళ్లీ పైకి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడితో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తోంది. సిమెంటును ఉలి, చిన్న సుత్తితో తీయించండి, డ్రిల్లు మిషను వద్దు. ఇటుక కూడా ఊడొస్తుంటే అక్కడ ఆపేయండి.

సున్నాన్ని నీళ్లలో కనీసం 15 రోజులు, వీలైతే నెల ఊరనివ్వండి. తర్వాత వడగట్టాలి. ఊరని పలుకులు మిగిలితే గోడలో పొంగి, పూత మీద గుంటలు పడతాయి. ఒక పాలు సున్నం ముద్దకు మూడు పాళ్లు కడిగిన ఇసుక. కరక్కాయ, బెల్లం నీళ్లు పాత మేస్త్రీల పద్ధతి, మంచిదే. బెల్లం ఎక్కువైతే మాత్రం చీమలు, బూజు తప్పవు. గోడ తడిపి, పూతకు 10 మిల్లీమీటర్లు మించకుండా వేయండి. మందంగా ఒక్కసారే వేస్తే బీటలిస్తుంది. వారం, పది రోజులు తడి గోనెపట్టా కప్పండి. మే నెల ఎండల్లో ఈ పని పెట్టుకోకండి. ముందు అడుగు చదరంలో వేసి నెల రోజులు చూడండి. పైన సున్నపు వెల్లే వేయాలి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇల్లు వారసత్వ జాబితాలో ఉందేమో పని మొదలుపెట్టక ముందే కనుక్కోండి. 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద అనుమతి అవసరం కావచ్చు. పాత పూత ముక్క ఒకటి, ఏ గోడదో రాసిన చీటీతో, డబ్బాలో దాచండి. రేపు ఇంకో మేస్త్రీకి పాళ్లు చూపించడానికి అదే పనికొస్తుంది.