తొమ్మిదో తరగతి పాపతో ఒలింపియాడ్ ఆల్జీబ్రా లెక్కలు ఎలా చేయించాలి?

మీ పాప తొమ్మిదో తరగతి అని, స్కూల్లో లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరు వస్తాయని రాశారు. గణిత ఒలింపియాడ్ పోటీల పాత పేపర్లలోని ఆల్జీబ్రా లెక్క ఇస్తే మాత్రం రెండు నిమిషాలు చూసి, "ఇది మాకు చెప్పలేదు" అని పక్కన పెట్టేస్తోందన్నారు. ఇలాంటి కష్టమైన లెక్కలు రోజుకు పదో ఇరవయ్యో చేయిస్తే దారిలో పడుతుందా అని అడిగారు.

చేయించకండి. వారానికి ఒక్కటి ఇవ్వండి. ఆ ఒక్కటీ వారమంతా తన దగ్గరే ఉండనివ్వండి. నేను ఈ లెక్కలు నేర్చుకున్నది అలాగే. ఇప్పుడు ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చే ఏడెనిమిది మంది పిల్లలకు నేర్పుతున్నదీ అలాగే.

1996లో నేను కూడా తొమ్మిదో తరగతే. తెనాలి దగ్గర పల్లెటూరు. మా అన్నయ్య వరంగల్లో ఇంజినీరింగ్ చదివేవాడు. ఇంట్లో ఫోన్ లేదు. పది పదిహేను రోజులకోసారి ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. అమ్మానాన్నలకు రాయాల్సినవన్నీ రాసి, చివర మిగిలిన మడతలో నాకో లెక్క రాసేవాడు. మొదటిసారి పంపింది ఇది:

ఎ, బి, సి వాస్తవ సంఖ్యలు. ఎ + బి + సి = 6, ఎ² + బి² + సి² = 12. ఎ, బి, సి విలువలు కనుక్కో.

నాకు నవ్వొచ్చింది. మూడు తెలియని రాశులు, రెండే సమీకరణాలు. మూడో సమీకరణం రాయడం మర్చిపోయావని జాబు రాసి పంపాను. వారం తర్వాత జవాబు వచ్చింది. అందులో పరిష్కారం లేదు, రెండు ప్రశ్నలున్నాయి. "ఆ మూడింటి సగటు ఎంత? ఒక్కొక్కటి ఆ సగటుకు ఎంత దూరంలో ఉంది?"

సగటు 2. దూరాలు ఎ − 2, బి − 2, సి − 2. వాటితో ఏం చేయాలో రెండు రోజులు తెలియలేదు. ఇచ్చిన రెండో సమీకరణంలో వర్గాలున్నాయి కదా అని, మూడో రోజు ఈ దూరాలను కూడా వర్గం చేసి కూడాను. ఎ² + బి² + సి² నుంచి 12 వస్తుంది. మధ్య పదాల నుంచి మైనస్ 4 × 6, అంటే మైనస్ 24. చివరి మూడు నాలుగులు కలిపితే ఇంకో 12. మొత్తం సున్నా! వాస్తవ సంఖ్య వర్గం ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి, మూడు వర్గాల మొత్తం సున్నా అయితే మూడూ సున్నాలే కావాలి. ఎ = బి = సి = 2.

మూడో సమీకరణం మొదటి నుంచీ లెక్కలోనే ఉంది. "వాస్తవ" అన్న మాటే ఆ సమీకరణం. దాన్ని నేను చదివాను గానీ పట్టించుకోలేదు. ఆ రోజు అరుగు మీద ఎంతసేపు అలా కూర్చుండిపోయానో నాకింకా గుర్తుంది.

అదే ఆలోచన ఎంత దూరం వెళ్తుందో తర్వాతి ఉత్తరంలో చూపించాడు. ఇది 1978లో అమెరికా గణిత ఒలింపియాడ్‌లో మొదటి ప్రశ్న. ఐదు వాస్తవ సంఖ్యల మొత్తం 8, వాటి వర్గాల మొత్తం 16. వాటిలో ఒకటి గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు? ఆ ఒక్కదాన్ని ఇ అనుకుంటే, మిగతా నాలుగింటి మొత్తం 8 − ఇ, వర్గాల మొత్తం 16 − ఇ². నాలుగు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేస్తే, అది వాటి వర్గాల మొత్తానికి నాలుగు రెట్లకు మించదు (ఇది కూడా పైన చెప్పిన సగటు నుంచి దూరాల మాటే). అంటే (8 − ఇ)² ≤ 4(16 − ఇ²). దీన్ని విప్పితే 5ఇ² ≤ 16ఇ వస్తుంది. కాబట్టి ఇ విలువ 16/5 దాటదు. మిగతా నాలుగూ 6/5 చొప్పున ఉంటే సరిగ్గా 16/5 వస్తుంది కూడా. తొమ్మిదో తరగతి పాఠాలు దాటి ఇందులో కొత్తది ఒక్కటీ లేదు. "మాకు చెప్పలేదు" అని మీ పాప అంటున్నది ఇలాంటి లెక్కల గురించే. కావలసిన పనిముట్లు తన దగ్గర ఉన్నాయండి. ఏది ఎప్పుడు తీయాలో తెలియడానికే సమయం పడుతుంది.

నన్ను బాగా మార్చిన ఉత్తరం ఇంకొకటి ఉంది. ఎ, బి ధన సంఖ్యలైతే (ఎ + బి)(1/ఎ + 4/బి) కనిష్ఠ విలువ ఎంత?

అప్పటికి అంకమధ్యమం, గుణమధ్యమం అసమానత నేర్చుకున్నాను. రెండు ధన సంఖ్యల అంకమధ్యమం (మొత్తంలో సగం) గుణమధ్యమం (లబ్ధానికి వర్గమూలం) కంటే తక్కువ కాదు. అంతే కదా అనుకున్నాను. మొదటి బ్రాకెట్ 2√(ఎబి)కి తగ్గదు. రెండోది 4/√(ఎబి)కి తగ్గదు. గుణిస్తే 8. ఐదు నిమిషాల్లో అయిపోయింది. జవాబు 8 అని గర్వంగా రాసి పంపాను.

తిరుగు టపాలో ఒకే ఒక్క వాక్యం. "సరే, 8 వచ్చేలా ఎ, బి విలువలు రాసి పంపు."

వెతికాను. ఎ = బి = 1 పెడితే 10. ఎ = 1, బి = 4 పెడితే కూడా 10. ఎ = 1, బి = 2 పెడితే 9. ఎన్ని పెట్టినా 9కి కిందకి దిగడం లేదు. అప్పుడు అర్థమైంది. మొదటి బ్రాకెట్ దాని కనిష్ఠానికి రావాలంటే ఎ, బి సమానం కావాలి. రెండోది రావాలంటే బి, ఎకి నాలుగు రెట్లు ఉండాలి. రెండూ ఒకేసారి జరగవు. 8కి తగ్గదన్నది నిజమే, కానీ 8ని చేరడం అసాధ్యం. ముందు గుణించి విప్పితే 5 + బి/ఎ + 4ఎ/బి. చివరి రెండింటి మీద అసమానత వాడితే 4. మొత్తం 9. బి, ఎకి రెట్టింపు అయినప్పుడు సరిగ్గా 9 వస్తుంది.

ఈ తప్పు పిల్లలందరూ చేస్తారు. బాగా చదివే పిల్లలు ఇంకా ఎక్కువ చేస్తారు, ఎందుకంటే ఫార్ములా వాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. కనిష్ఠం, గరిష్ఠం అడిగే ప్రతి లెక్కకూ మా పిల్లల చేత సమాధానం కింద ఇంకో గీత గీయించి, "ఈ విలువ ఎప్పుడు వస్తుంది?" అన్నదానికి జవాబు రాయిస్తాను. అది రాయనిదే లెక్క అయిపోయినట్టు కాదు. మీరు లెక్కల మనిషి కాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. మా అన్నయ్య నాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక పరీక్ష సంగతి. మన దేశంలో మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. జవాబులన్నీ 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్యలే. ఆప్షన్లు ఉండవు కాబట్టి ఆప్షన్లు పెట్టి చూసే ఫౌండేషన్ కోచింగ్ షార్ట్‌కట్లు ఇక్కడ పనికిరావు. ఆ తర్వాత ప్రాంతీయ స్థాయి ఆర్ఎంఓ, జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ. వీటిలో ఆరేసి ప్రశ్నలే ఉంటాయి, ప్రతిదానికీ పూర్తి నిరూపణ రాయాలి. ఐఎన్ఎంఓ దాటితే శిక్షణ శిబిరం, అక్కడి నుంచి ఆరుగురు అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు. ఏ మెట్టులోనూ కాలిక్యులస్ అవసరం లేదు. పదకొండు, పన్నెండు తరగతుల సిలబస్ ముందే పూర్తి చేయించాలన్న తొందర పెట్టుకోకండి.

పాప తరగతి పాఠం నుంచే ఒక లెక్క ఎంత పైకి లేస్తుందో చూడండి. ఎక్స్⁴ గుణకం 1గా ఉన్న నాలుగో పరిమాణ బహుపది పి(ఎక్స్). పి(1) = 1, పి(2) = 2, పి(3) = 3. అయితే పి(0) + పి(4) ఎంత? మొదట అందరూ నాలుగు గుణకాలకు నాలుగు పేర్లు పెట్టి సమీకరణాలు రాయడం మొదలుపెడతారు. మూడే వస్తాయి, ఆగిపోతారు. అక్కడ ఆగిపోవడం మంచిదే. ఒకటి రెండు రోజులు అలాగే వదిలి, తర్వాత ఇది అడగండి: "పి(ఎక్స్) నుంచి ఎక్స్ తీసేస్తే ఏమవుతుంది?" 1, 2, 3 మూడూ ఆ కొత్త బహుపదికి మూలాలవుతాయి. కారణాంక సిద్ధాంతం ప్రకారం అది (ఎక్స్ − 1)(ఎక్స్ − 2)(ఎక్స్ − 3)(ఎక్స్ − ఆర్). నాలుగో మూలం ఆర్ ఎంతో తెలియదు. తీసేసిన ఎక్స్‌ని మళ్లీ కలిపి చూస్తే పి(0) = 6ఆర్, పి(4) = 28 − 6ఆర్. కూడితే ఆర్ ఎగిరిపోయి 28 మిగులుతుంది. తెలియని దాన్ని కనుక్కోకుండానే జవాబు రావడం పిల్లలు మొదటిసారి చూసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

మీ పాపకు గణిత శాస్త్రవేత్త సోఫీ జెర్మేన్ గురించి కూడా చెప్పండి. ఫ్రాన్స్‌లో 1776లో పుట్టింది. పారిస్‌లోని పెద్ద సాంకేతిక కళాశాలలో ఆడపిల్లలను చేర్చుకునేవారు కాదు. ఆమె పాఠాల నోట్సు సంపాదించి చదువుకుని, లెబ్లాన్ అనే మగపేరుతో అక్కడ పాఠాలు చెప్పే గణిత శాస్త్రవేత్త లగ్రాంజ్‌కు తన పని పంపింది. ఆమె పేరుతో పిలిచే సర్వసమీకరణం ఒలింపియాడ్‌లో తరచూ అక్కరకొస్తుంది: ఎ⁴ + 4బి⁴ = (ఎ² + 2బి² + 2ఎబి)(ఎ² + 2బి² − 2ఎబి). 4ఎ²బి² కూడి, మళ్లీ తీసేస్తే చాలు, రెండు వర్గాల తేడా బయటపడుతుంది. దీని మీద నేను ఇచ్చే లెక్క: 2025⁴ + 4²⁰²⁵ ప్రధాన సంఖ్యా? చివరి అంకె 9, కాబట్టి 2తో, 5తో పోదు. 3తో కూడా పోదు. పిల్లలు అలా ఒక్కో సంఖ్యతో ప్రయత్నిస్తూ పోతారు. 4²⁰²⁵ని 4 × (4⁵⁰⁶)⁴ అని రాయొచ్చని కనిపించిన క్షణంలో లెక్క రెండు ముక్కలవుతుంది. ప్రధాన సంఖ్య కాదు.

ఇంట్లో ఎలా చేయాలంటే, శనివారం ఒక లెక్క పుస్తకంలో కాకుండా చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి. పుస్తకంలో ఉంటే వెనక పేజీలో జవాబు ఉంటుంది, చెయ్యి అటు పోతుంది. ఫోన్‌లో వెతికితే పరిష్కారం అర నిమిషంలో దొరుకుతుంది. నాకు ఆ అవకాశం లేకపోవడం నా అదృష్టం. వారం మధ్యలో మరీ టెన్షన్ పడుతుంటే సూచన ఇవ్వండి, కానీ ప్రశ్న రూపంలోనే ఇవ్వండి. చిన్న సంఖ్యలు పెట్టి చూశావా? ఇచ్చిన వాటిలో ఇంకా వాడనిది ఏముంది? రెండు అక్షరాలు తారుమారు చేస్తే లెక్క మారుతుందా? చాలా లెక్కలకు ఈ మూడు సరిపోతాయి. లెక్క వచ్చాక, దాన్ని దూరాన ఉన్న మనిషికి ఉత్తరం రాస్తున్నట్టు పూర్తిగా రాయమనండి. ఎదురుగా ఉంటే "అదే, అలా చేస్తే వస్తుంది" అనొచ్చు. ఉత్తరంలో అలా కుదరదు. ఆర్ఎంఓలో నిరూపణ రాయాల్సి వచ్చినప్పుడు నేను భయపడలేదంటే, మూడేళ్లు అన్నయ్యకు ఉత్తరాలు రాసిన చెయ్యి అది.

వారమైనా రాకపోతే? ఇంకో వారం ఉండనివ్వండి, పక్కన తేలికైనది ఒకటి ఇవ్వండి. నా దగ్గర ఒక లెక్క ఏడాది పైగా ఉండిపోయింది. 1988లో ఆస్ట్రేలియాలో జరిగిన అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో ఆరో ప్రశ్న. ఎ, బి ధన పూర్ణసంఖ్యలు. ఎ² + బి²ని ఎబి + 1 నిశ్శేషంగా భాగిస్తే, ఆ భాగఫలం పరిపూర్ణ వర్గమని నిరూపించాలి. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద పదకొండు మందికే దీనికి పూర్తి మార్కులొచ్చాయి. కీలకం మాత్రం పదో తరగతి పాఠంలో ఉంది. బిని కదలకుండా ఉంచి దీన్ని ఎలో వర్గ సమీకరణంగా చూడాలి. ఒక మూలం తెలిస్తే, మూలాల మొత్తం నుంచి రెండోది దొరుకుతుంది. అలా ఒక జత నుంచి ఇంకా చిన్న జతకు దిగుతూ పోవాలి. ఇంటర్ రెండో ఏడాదిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉండగా అది తట్టింది. కాగితం లేక టికెట్ వెనక రాసుకున్నాను.

ఈ ఆదివారం మా పిల్లలకు ఇవ్వబోయే లెక్క మీ పాపకు కూడా పంపుతున్నాను. ఎ, బి, సి వాస్తవ సంఖ్యలు, ఏ రెండూ సమానం కావు. ఎ²(బి + సి) = బి²(సి + ఎ) = 10. సి²(ఎ + బి) ఎంత? బుధవారం దాకా ఏమీ చెప్పకండి. అప్పటికీ ఆగిపోయి ఉంటే, "రెండు సమానమైన వాటి తేడా ఎంత?" అని అడగండి.