జవాబు: వ్యభిచారానికి మరణశిక్షా, చేదు నీళ్లా?

వ్యభిచారానికి బైబిల్లోని లేవీయకాండము 20:10 మరణశిక్ష విధిస్తుండగా సంఖ్యాకాండము 5వ అధ్యాయం భార్యచేత చేదు నీళ్లు తాగించమనడం మీకు పరస్పర విరుద్ధంగా తోచడానికి కారణం, రెండింటినీ ఒకే సందర్భానికి చెప్పిన శిక్షలుగా చదవడమే.

1. ముందుగా సంఖ్యాకాండము 5:13ను మళ్లీ చదవండి. చాలామంది గమనించని మాట అక్కడే ఉంది: ఆమెపై సాక్షి లేడు. అంటే అది రుజువైన నేరానికి శిక్ష కాదు, భర్త అనుమానాన్ని తేల్చే పరీక్ష. యాజకుడు మట్టిపాత్రలోని పవిత్రజలంలో మందిరపు నేలమీది ధూళి కలిపి, తాను రాసిన శాపాల సిరాను అందులోకే కడిగి ఆమెచేత తాగిస్తాడు, నిర్ణయం దేవుడిదే.

2. లేవీయకాండము చెప్పేది రుజువైన నేరం సంగతి. పరాయివాడి భార్యతో పోయిన పురుషుడికీ, ఆమెకూ ఒకటే శిక్ష.

3. మిష్నా (యూదు ధర్మశాస్త్ర సంప్రదాయాల ప్రాచీన సంకలనం) ప్రకారం ఆ రుజువుకు ఇద్దరు సాక్షులతోపాటు నేరానికి ముందే చేసిన హెచ్చరిక కూడా కావాలి, కాబట్టి మరణశిక్ష దాకా వెళ్లడం చాలా అరుదు. ఏడేళ్లకు ఒకరిని చంపించిన న్యాయసభను సైతం మిష్నా వినాశకారి అంటుంది. చేదు నీళ్ల పరీక్షను మొదటి శతాబ్దపు యూదు ధర్మగురువు యోహానాన్ బెన్ జక్కాయ్ నిలిపివేశాడనీ అందులోనే ఉంది.